ట్రైలర్ గోడలకు ప్లైవుడ్డా, ఫైబర్-ఫోమ్ ప్యానెలా?

అమలాపురంలో చిన్న క్యాంపింగ్ ట్రైలర్ కట్టడానికి ప్లైవుడ్ బదులు ఫైబర్‌గ్లాస్-ఫోమ్ ప్యానెల్ వాడొచ్చా అని అడిగారు.

వాడొచ్చు. కోనసీమ చెమ్మకి ప్లైవుడ్ అంచుల్లో ఉబ్బి పొరలు విడిపోతుంది. ఫైబర్-ఫోమ్ ప్యానెల్ కుళ్లదు, బరువూ తక్కువ. ఇందులో మధ్యన ఫోమ్, దానికి రెండు వైపులా ఫైబర్ పొరలు ఉంటాయి. ప్యానెల్‌ని వంచే బరువంతా ఆ రెండు పొరలే మోస్తాయి. ఫోమ్ పని వాటిని ఎడంగా, జారకుండా పట్టి ఉంచడం. అతుకు ఊడిందా, బలం పోయినట్టే.

మధ్యన ఫోమ్‌గా థర్మోకోల్ పెడితే, పడవలకి వాడే పాలిస్టర్ రెజిన్ (ఫైబర్‌ని అతికించి గట్టిపడే ద్రవం) మాత్రం దాని మీద పూయకండి. అందులో ద్రావకంగా ఉండే స్టైరీన్‌కి థర్మోకోల్ కరిగిపోతుంది. నేనో ముక్క మీద పూసి చూశాను, చూస్తుండగానే గుంట పడింది. ఎపాక్సీ రెజిన్ అయితే ఫర్వాలేదు, లేదా థర్మోకోల్ బదులు పీయూ (పాలీయురేథేన్) ఫోమ్ తీసుకోండి.

స్క్రూ నేరుగా ఫోమ్‌లోకి దించొద్దు. పట్టు ఉండదు, పైగా వాన నీళ్లు దిగుతాయి. బెజ్జం చుట్టూ ఫోమ్ గీకేసి ఎపాక్సీ ముద్ద కూరండి. గట్టిపడ్డాకే డ్రిల్ చేయండి.