ట్రైలర్ లైట్లు, ఉప్పు రోడ్లు

ప్రశ్న: మిన్నెసోటాలో ఉంటున్నాం. చలికాలం వెళ్లేసరికి, కారు వెనక తగిలించి లాగే మా చిన్న ట్రైలర్ లైట్లు ఒకటి వెలిగితే ఒకటి వెలగడం లేదు. బల్బులు మార్చినా అంతే. ఏం చేయాలి?

జవాబు: మంచు కరగడానికి రోడ్ల మీద చల్లే ఉప్పు వైర్లను తినేస్తుంది. ముందు తెల్ల వైరు చూడండి, అదే గ్రౌండ్, అంటే కరెంటు తిరిగి వెళ్లే దారి. ఫ్రేముకు బిగించిన చోట తుప్పు గీకి, మెరిసే ఇనుముకు మళ్లీ బిగించండి. మిషిగన్‌లో నా ట్రైలర్ వైర్ల అతుకులకు నల్ల టేపు చుట్టి నిశ్చింతగా ఉన్నాను. వసంతంలో విప్పితే రాగి తీగ పచ్చటి పొడిగా వేళ్లకు అంటుకుంది! టేపు ఉప్పునీటిని ఆపదు, లోపలే పట్టి ఉంచుతుంది. మెరిసే రాగి కనబడేదాకా కత్తిరించి, లోపల జిగురుండే, వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునే హీట్ ష్రింక్ కనెక్టర్‌తో కలపండి. ప్లగ్గు పిన్నులకు తేమను చొరనివ్వని డైఎలక్ట్రిక్ గ్రీజు రాయండి. కొత్త వైరు వేస్తే, ఖరీదైనా సరే, పడవల్లో వాడే, తగరం పూతున్న మెరైన్ వైరే కొనండి.