ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబుతో ఇంట్లో మట్టి వినాయకుడు: మా దగ్గర పగిలింది, నిలిచింది

మీ ప్రశ్న చూడగానే నవ్వొచ్చింది. ఆరేళ్ల పాప, మూడేళ్ల బాబు ఉన్నారు, ఈ చవితికి బొమ్మ కొనకుండా పిల్లల చేతే చేయించాలనుంది, ఏ మట్టి వాడాలి, పగలకుండా ఏం చేయాలి, ఇల్లంతా బురద కాకుండా ఎలా అని కదా మీరు అడిగింది. మాది కర్నూలు, కల్లూరు వైపు. 2020లో వీధిలో మండపం లేదు, బజారుకు పోవాలంటే భయం, అట్లా మొదలైంది మా ఇంట్లో. అప్పుడు మా పిల్లలది కూడా ఇంచుమించు మీ పిల్లల వయసే. ఆ తర్వాత ఏ చవితికీ బొమ్మ కొనలేదు.

ముందు మట్టి సంగతి, ఎందుకంటే మేం బోల్తా పడింది అక్కడే. మా అత్తగారి ఊరు కోయిలకుంట్ల పక్కన. శనగ వేసే నల్లరేగడి చేను వాళ్లది. చేతికి అంటుకుంటే వదలని మట్టి, బొమ్మకి ఇంతకన్నా ఏం కావాలి అనుకుని మా బామ్మర్దితో ఒక గోతాం తెప్పించాను. కలిపితే వెన్నలా ఉంది. బొమ్మ చేశాం, ఫోటోలు దిగాం, అందరికీ పంపించాం. మర్నాడు పొద్దున లేచి చూస్తే బొజ్జ మీద అడ్డంగా వేలు దూరేంత చీలిక. మధ్యాహ్నానికి ఒక చెవి ఊడి కింద పడింది. పాప ఒకటే ఏడుపు. మా అమ్మ వచ్చి చూసి, "ఎండాకాలంలో రేగడి చేను ఎట్లుంటాదో నువ్వెప్పుడూ చూళ్ళేదారా?" అంది. నిజమే, ఏప్రిల్లో అదే చేలో కాలు ఇరుక్కునేంత నెర్రెలు ఉంటాయి. రేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుపోతుంది, చేనైనా బొమ్మైనా దానికి ఒకటే. అందుకని మన వైపు వాళ్లెవరూ ఉత్త రేగడితో చేయకండి.

చవితి రెండు రోజులుందనగా కుమ్మరాయన దగ్గరికి పరిగెత్తాను. ఆయన కుండలకి తొక్కి పెట్టుకున్న మట్టి ఒక తట్ట ఇచ్చాడు, "కొంచెం ఇసుక పడాల సార్, లేకపోతే ఇదీ పగుల్తాది" అని కూడా చెప్పాడు. ఇప్పుడు మేం కలిపేది నాలుగు వంతుల మట్టికి ఒక వంతు జల్లించిన సన్న ఇసుక. చపాతీ పిండిలా బాగా పిసికి, తడి గుడ్డ కప్పి ఒక రాత్రి ఉంచుతాం. పిసికే పని పిల్లలకి ఇవ్వండి, కాళ్లతో తొక్కమన్నా పర్వాలేదు, దేవుడి మట్టి కదా అని పెద్దవాళ్లు ఏమన్నా అంటే స్వామి రూపం రాకముందు అది ఉత్త మట్టే అని మా అమ్మే ఒప్పుకుంది, మీ ఇంట్లో ఎట్లా ఉంటుందో మరి.

బొమ్మ జానెడు దాటనివ్వొద్దు. పెద్దది చేస్తే పైన ఆరుతుంది, లోపల పచ్చిగా ఉంటుంది, అప్పుడూ చీలుతుంది. నేను మొండెం చేసి, కాస్త గట్టిపడ్డాక తిరగేసి, అడుగు నుంచి చెంచాతో లోపలి మట్టి తోడేస్తాను. గోడ వేలెడు మందం ఉంటే చాలు. చెవులు, చేతులు, తొండం ఊడిపోకుండా ఉండాలంటే ఊరికే అతికిస్తే సరిపోదు. అతికే చోట రెండు వైపులా చీపురుపుల్లతో గీతలు గీకి, దోసెపిండిలా పలచగా చేసిన మట్టి పూసి, అప్పుడు నొక్కాలి. తొండం లోపల ఒక చీపురుపుల్ల గుచ్చితే ఇంకా నయం. ఆరబెట్టేది నీడలో, నాలుగైదు రోజులు. ఎండలో వద్దు, ఫ్యాన్ కింద కూడా వద్దు, ఒక పక్కే ఆరి వంకర పోతుంది. ఈ లెక్కన పండక్కి వారం ముందే మొదలుపెట్టాలి.

ఇంక పిల్లల సంగతి. ఆరేళ్ల పాప చెవులు, తొండం, చేతులు చేయగలదు. మూడేళ్లవాడికి ఎలుక ఇవ్వండి. మావాడు చేసిన ఎలుక అచ్చం వడలా ఉండేది, తోక ఒక్కటే తాడులా మూరెడు. తొండం ఎడమకా కుడికా అని మా అమ్మా నేనూ అరగంట వాదించుకుంటుంటే, పాప నేరుగా కిందికి పెట్టేసి చేతులు కడుక్కోవడానికి పోయింది. అది కొంచెం లావుగా, సొరకాయలా వచ్చింది. పిల్లలు పడుకున్నాక నేనొక తెలివైన పని చేశాను. వేళ్ల గుంటలన్నీ తడి చేత్తో నున్నగా చేసి, తొండం సన్నగా వంపు తిప్పాను. బజారు బొమ్మలా వచ్చిందని మురిసిపోయాను కూడా. పొద్దున పాప లేచి ఒక నిమిషం అట్లా చూసి, "ఇది నా తొండం కాదు" అంది. కోపం లేదు, ఏడుపు లేదు. ఆ రోజంతా మళ్లీ మట్టి ముట్టలేదు. సాయంత్రం ఆ తొండం పీకేసి, ముద్ద చేతికిచ్చి, నువ్వే పెట్టమ్మా అని బతిమాలాల్సి వచ్చింది. మీకు నేను చెప్పాలనుకున్నది అసలు ఇదే: వాళ్లు చేసింది సరిచేయొద్దు. ఊడిపోకుండా వెనక నుంచి కొంచెం మట్టి మెత్తండి, అంతవరకే.

కళ్ల దగ్గర జాగ్రత్త. మా అమ్మ డబ్బాలోంచి గురివింద గింజలు తీసింది, వాళ్ల చిన్నప్పుడు అవే పెట్టేవాళ్లట. చూడ్డానికి బాగుంటాయి గానీ అవి విషం, పిల్లలు నమిలితే ప్రాణానికే ముప్పు. సరేనని మినప్పప్పు డబ్బా పక్కనున్న మినుములు తెస్తే, మావాడు ఒక గింజ స్వామికి పెట్టి రెండోది తన ముక్కులో పెట్టుకున్నాడు. తడికి ఉబ్బుతుంది, మీరు లాగొద్దని డాక్టరు ఫోన్‌లో చెప్పి, వెంటనే రమ్మని తీసేశాడు. అప్పటి నుంచి కళ్లు కాటుకతోనే. రంగులకి పసుపు, కుంకుమ చాలు. పసుపులో సున్నం కలిపితే ఎర్రగా మారుతుంది కదా, అది చూపిస్తే పిల్లలు గెంతులేస్తారు, కాకపోతే సున్నం మీరే కలపండి, కంట్లో పడితే కష్టం.

పత్రి కూడా అంతే. 21 రకాల్లో ఉమ్మెత్త, గన్నేరు రెండూ విషపు ఆకులే, జిల్లేడు పాలు కంట్లో పడకూడదు. పత్రి కట్ట తెచ్చాక ఆ మూడూ నేను పక్కకు తీసి పైన పెడతాను, పూజలో నేనే వేస్తాను. గరిక, మారేడు, మామిడి, దానిమ్మ, రేగు, తులసి పిల్లల పళ్లెంలో. రేగుకి ముళ్లు ఉంటాయి, చూసుకోండి. ఉండ్రాళ్లు మాత్రం వాళ్లకే వదిలేయండి. నాలుగు రోజులు మట్టి ఉండలు చేసిన చేతులు, మావాడి ఉండ్రాళ్లు మా ఆవిడవాటికన్నా గుండ్రంగా వచ్చాయి.

ఇల్లు బురద కాకుండా అంటే, అవుతుంది. వరండాలో పాత చీర పరిచి, రెండు బకెట్ల నీళ్లు పెట్టుకోండి, చేతులు ఆ బకెట్లోనే కడగాలి. బాత్రూంలో కడిగితే మట్టి పైపులో పేరుకుంటుంది, మేం కడిగి, ప్లంబర్‌కి ఆరు వందలు ఇచ్చాం.

నిమజ్జనానికి కర్నూల్లో కేసీ (కర్నూలు-కడప) కాలువ మీద వినాయక ఘాట్‌కి చిన్నపిల్లలతో పోవద్దని నా మాట, ఆ తొక్కిడిలో స్వామి కనపడడు, పిల్లలూ కనపడరు. పెద్ద విగ్రహాలు దారిలో పోతుంటే చూపిస్తాం, మాది ఇంట్లో బకెట్లోనే. కాల్చని మట్టి కాబట్టి కొన్ని గంటల్లో జారిపోతుంది. మొదటి ఏడు చెవులు కరుగుతుంటే మావాడు బకెట్లో చెయ్యి పెట్టి స్వామిని పైకి లాగబోయాడు, "మునిగిపోతాండు నాయనా" అని గోల. మా అమ్మ వాణ్ని ఒళ్లో కూర్చోబెట్టుకుని, స్వామి అమ్మ దగ్గరికి పోయినాడు, పార్వతమ్మ అన్నం పెడుతుంటాది అంటే, అక్కడ ఉండ్రాళ్లు ఉంటాయా అని అడిగి ఊరుకున్నాడు. ఆ మట్టి తొట్టిలో మామూలు మట్టితో కలిపి మెంతులు చల్లండి, నాలుగు రోజుల్లో మొలకలు కనబడతాయి, బంతి అయితే ఓపిక పట్టాలి. ఎలుకని మాత్రం వాడు ముంచనివ్వలేదు, ఇప్పటికీ టీవీ స్టాండ్ మీదే ఉంది, తోక విరిగింది.

కుమ్మరి మట్టికి ఈ వారమే చెప్పి పెట్టుకోండి. పండగ దగ్గర పడ్డాక పోతే వాళ్లు ప్రమిదల పనిలో, బొమ్మల పనిలో ఉంటారు, తట్టెడు మట్టి ఇవ్వడానికి కూడా తీరిక ఉండదు.