బీఎఫ్ఏ చదివితే ఉపాధి దొరుకుతుందా? నా అనుభవం

ఇంటర్ ఎంపీసీ పూర్తి చేసిన మీ అమ్మాయి ఇంజనీరింగ్ వద్దని, బీఎఫ్ఏ (లలిత కళల డిగ్రీ)లోనే చేరతానని పట్టుబడుతోందనీ, ఆ చదువుతో బతుకుతెరువు దొరుకుతుందా అనీ అడిగారు. నేను హైదరాబాదులో బీఎఫ్ఏ పెయింటింగ్ చదివి, మూడేళ్లు ఒక పాఠశాలలో డ్రాయింగ్ మాస్టారుగా పనిచేసి, ఇప్పుడు యానిమేషన్ స్టూడియోలో నేపథ్య చిత్రాలు గీస్తున్నాను. ఉపాధి తప్పకుండా దొరుకుతుందండీ, కానీ అది పట్టా చూసి ఇచ్చేది కాదు.

మాకు రెండో ఏడాదిలో రోజూ సాయంత్రం నాంపల్లి స్టేషన్‌కు వెళ్లి స్కెచ్‌లు వేయడం అలవాటైంది. మూటల మీద మోచెయ్యి ఆనించి కునుకు తీస్తున్న మనిషిని గీయాలంటే, ఆయన పక్కకు ఒత్తిగిల్లేలోపే శరీరం బరువంతా ఎక్కడ పడుతోందో కనిపెట్టి నాలుగు గీతల్లో పట్టుకోవాలి. మొదటి నెలలో నేను గీసిన మనుషులందరూ గాలిలో తేలుతున్నట్టే ఉండేవారు. స్టూడియో ఇంటర్వ్యూలో నా మార్కుల జాబితాను ఎవరూ తెరవలేదు. ఆ స్కెచ్ పుస్తకాలను మాత్రం అరగంటసేపు తిరగేశారు.

కాబట్టి కళాశాల కన్నా ముందు విభాగం గురించి ఆలోచించండి. హైదరాబాదు మాసబ్‌ట్యాంకులోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ విశ్వవిద్యాలయం (జేఎన్ఏఎఫ్ఏయూ)లో పెయింటింగ్, శిల్పం, అప్లైడ్ ఆర్ట్, ఫొటోగ్రఫీ, యానిమేషన్ విభాగాలున్నాయి, కోర్సు నాలుగేళ్లు. అప్లైడ్ ఆర్ట్ చదివిన నా స్నేహితులకు ప్రకటనల సంస్థల్లోనూ, ప్యాకేజింగ్, పుస్తకాల డిజైన్, మొబైల్ యాప్‌ల డిజైన్ పనుల్లోనూ త్వరగానే అవకాశాలు వచ్చాయి. పెయింటింగ్, శిల్పం చదివినవారు నిలదొక్కుకోవడానికి ఎక్కువ సమయం పడుతుంది, ఈ మాట దాచడం న్యాయం కాదు. వారిలో చాలామంది హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనో, బరోడాలోనో, శాంతినికేతన్ కళాభవన్‌లోనో రెండేళ్ల పీజీ చేస్తారు. దృశ్యకళల్లో యూజీసీ నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో కూడా ఉత్తీర్ణులైతే కళాశాల అధ్యాపక పోస్టులకు అర్హత వస్తుంది.

చిత్రకారుడంటే చిత్రాలు అమ్ముకునే బతకాలన్న భయం అక్కర్లేదు. తెలంగాణ పల్లె మనుషుల బొమ్మలతో పేరు పొందిన తోట వైకుంఠం గారు హైదరాబాదులోనూ బరోడాలోనూ చదువుకున్నవారే. 1988 నాటి ‘దాసి’ సినిమాకు కళా దర్శకులుగా ఆయనకు జాతీయ పురస్కారం లభించింది. రంగు, రూపం, స్థలం తెలిసిన చేతికి సినిమా సెట్టులోనూ పని ఉంటుంది.

మొదటి జీతం తక్కువే ఉంటుంది. నాకు ఇంటి అద్దె పోగా మిగిలింది స్వల్పం. రంగులు, కాన్వాసుల ఖర్చు ఏటా పెరుగుతుంది కనుక ఫీజుతో పాటు దానికీ కొంత పక్కన పెట్టుకోండి.

ఇంకొక్క మాట. మీ అమ్మాయి ఇప్పటిదాకా ఫొటోలు చూసే గీస్తూ ఉంటే, ప్రవేశ పరీక్షకు ముందున్న ఈ రోజుల్లో వంటింట్లో కూరగాయలు తరుగుతున్న మిమ్మల్ని చూసి రోజుకు పది బొమ్మలు వేయమనండి. మీరు మాత్రం ఆమె కోసం కదలకుండా కూర్చోవద్దు.