మడత చెవుల పిల్లికి కీళ్ల జబ్బు.. స్టెమ్ సెల్ చికిత్సతో పోతుందా?

ప్రశ్న: మా పిల్లి మిన్ను స్కాటిష్ ఫోల్డ్ జాతి. ఆడది, రెండున్నరేళ్లు. పెట్ షాపులో కొన్నాం. ఆరు నెలలుగా సోఫా మీదికి ఎగరడం మానేసింది. వెనక కాళ్లు ముందుకు చాపుకుని మనిషిలా కూర్చుంటోంది. తోక ముట్టుకుంటే అరుస్తోంది. ఎక్స్‌రే తీసిన డాక్టరు వంశపారంపర్యంగా వచ్చే కీళ్ల జబ్బు అన్నారు. మరో క్లినిక్‌లో దాని కొవ్వు నుంచే స్టెమ్ సెల్స్ తీసి ఎక్కిస్తే పూర్తిగా పోతుందని, మూడు విడతలు చేయాలని చెప్పి అడ్వాన్స్ కట్టమంటున్నారు. చేయించమంటారా? పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించే ముందు ఒక్క ఈత చూడాలని మా అమ్మాయి కోరిక. ఈలోగా నొప్పికి పారాసిటమాల్ చుక్కలు వేయొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: ముందు మీ చివరి ప్రశ్న. పారాసిటమాల్ ఒక్క చుక్క కూడా వేయకండి. ఆ మందును విరిచి బయటికి పంపే శక్తి మన కాలేయానికి ఉన్నట్టు పిల్లి కాలేయానికి ఉండదు. ఒంట్లో నిలిచిపోయిన మందు ఎర్ర రక్తకణాలను పాడుచేస్తుంది. అవి ఆక్సిజన్‌ను మోయలేవు. చిగుళ్లు గోధుమ రంగుకు తిరుగుతాయి, ముఖం, పాదాలు వాస్తాయి, ఆయాసం మొదలవుతుంది. మనం జ్వరానికి వేసుకునే 500 మిల్లీగ్రాముల మాత్రలో సగం ముక్క కూడా నాలుగు కిలోల పిల్లి ప్రాణం తీయగలదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కూడా ఇంట్లో ఉన్నాయి కదా అని ఇవ్వొద్దు. ఇప్పటికే పారాసిటమాల్ వేసి ఉంటే ఇది చదవడం ఆపి వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. విరుగుడు ఉంది, కానీ మొదటి కొన్ని గంటల్లోనే ఇవ్వాలి.

ఇక అసలు జబ్బు సంగతి. 1961లో స్కాట్లాండ్‌లోని కూపర్ ఆంగస్ ఊరి దగ్గర ఓ పొలంలో చెవులు ముందుకు మడతపడిన తెల్ల పిల్లి కనిపించింది. దాని పేరు సూసీ. చూసింది విలియం రాస్ అనే గొర్రెల కాపరి. ఈ జాతి ఆ సూసీ సంతానంతోనే మొదలైంది. చెవిని నిటారుగా నిలబెట్టేది మృదులాస్థి, అంటే వంగే గుణమున్న మెత్తటి ఎముక. అది సరిగా తయారుకాకపోతే చెవి వాలిపోతుంది. అలాంటి మృదులాస్థే కీళ్లలో ఉంటుంది, ఎముకలు పెరిగే చోటా ఉంటుంది. చెవిని మడిచిన లోపమే పాదాలు, మడమలు, తోక ఎముకలను కూడా పాడుచేస్తుంది. దీనికి కారణం టీఆర్‌పీవీ4 అనే జన్యువులో మార్పు అని 2016లో గుర్తించారు. మార్పు ఉన్న ఆ జన్యువు తల్లి నుంచో తండ్రి నుంచో ఒక్కటి వచ్చినా చాలు. అందుకే చెవులు మడతపడిన ప్రతి స్కాటిష్ ఫోల్డ్‌లోనూ ఈ జబ్బు ఎంతో కొంత ఉంటుంది. కొన్నింటిలో ఏళ్ల తరబడి బయటపడదు, మిన్నులాంటి వాటిలో చిన్న వయసులోనే తెలిసిపోతుంది. కొనేటప్పుడు ఈ మాట మీకెవరూ చెప్పి ఉండరు. తప్పు మీది కాదు.

కాళ్లు చాపుకుని కూర్చుంటే ముద్దుగా ఉందని చాలామంది ఫొటోలు తీస్తారు. ఈ జాతిలో అది మడమల మీద బరువు పడకుండా పిల్లి వెతుక్కున్న దారి కావచ్చు. మిన్ను వెనక కాలి మడమ కింద వేలితో మెల్లగా తడిమి చూడండి. మామూలు పిల్లికి అక్కడ సన్నగా, నున్నగా తగులుతుంది. ఈ జబ్బు ముదిరిన పిల్లికి చర్మం కింద రాయిలా గట్టి బొడిపె చేతికి వస్తుంది. అది అదనంగా పెరిగిన ఎముక. కొన్నాళ్లకు పక్కపక్క ఎముకలు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి కూడా.

స్టెమ్ సెల్స్, అంటే వేరే రకం కణాలుగా మారగల మూలకణాలు, కీలులోకి ఎక్కిస్తే కొత్త మృదులాస్థి మొలుస్తుందని అందరూ ఆశపడతారు. జరిగేది అది కాదు. ఎక్కించిన కణాల్లో ఎక్కువ భాగం కొన్నాళ్లకే చనిపోతాయి. ఉన్నన్నాళ్లు వాపును తగ్గించే పదార్థాలు వదులుతాయి. నరంలోకి ఎక్కిస్తే చాలావరకు ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుంటాయి. మహా అయితే కొంతకాలం నొప్పి, వాపు తగ్గవచ్చు. అతుక్కున్న ఎముక విడిపోదు, పెరిగిన బొడిపె కరగదు.

ఇంకో ముఖ్యమైన మాట. ఆ క్లినిక్‌లో మిన్ను కొవ్వు నుంచే కణాలు తీస్తామన్నారు. ఆ కొవ్వులోని ప్రతి కణంలోనూ అదే జన్యు లోపం ఉంటుంది. పుచ్చు విత్తనాలు ఏరి మళ్లీ అదే మడిలో చల్లితే మంచి పంట రాదు కదా! ఆరోగ్యంగా ఉన్న వేరే పిల్లి కణాలు వాడితే ఆ ఇబ్బంది ఉండదు. కానీ మిన్ను సొంత మృదులాస్థి లోపంతోనే మిగులుతుంది.

పిల్లుల్లో ఈ చికిత్సకు మంచి ఫలితం కనిపించింది నోటి జబ్బులో. మందులకు లొంగని చిగుళ్ల వాపు ఉన్న ఏడు పిల్లులకు అమెరికాలోని కాలిఫోర్నియా యూనివర్సిటీ, డేవిస్ పశువైద్యులు వాటి సొంత కణాలే ఎక్కిస్తే ఐదింటికి బాగా తగ్గింది. ఆ వివరాలు 2016లో వచ్చాయి. అక్కడ జబ్బు రోగనిరోధక వ్యవస్థది, జన్యువుది కాదు. అదే ఆశతో కొలరాడోలో కిడ్నీ జబ్బు పిల్లులకు ఎక్కిస్తే చెప్పుకోదగ్గ మేలు కనిపించలేదు. నిల్వ ఉంచిన కణాలు ఎక్కించినప్పుడు కొన్నింటికి వాంతులు, ఆయాసం వచ్చాయి. కాబట్టి మిన్ను జబ్బు "పూర్తిగా పోతుంది" అన్న మాటకు ఆధారం లేదు. ఆ మాట మీద అడ్వాన్స్ కట్టొద్దు. కొవ్వు తీయాలంటే మత్తు ఇవ్వాలి. ఈ జాతికి గుండె కండరం మందమయ్యే జబ్బు కూడా వస్తుంది కనుక గుండె స్కానింగ్ చేయకుండా మత్తు ఇవ్వనివ్వకండి. ఎప్పటికైనా ఈ చికిత్స గురించి ఆలోచిస్తే కణాలు ఎక్కడ పెంచుతారు, క్రిములు లేవని ఎలా పరీక్షిస్తారు, మేలు జరిగిందని దేన్ని బట్టి తేలుస్తారు అని అడిగి, రాసి ఇమ్మనండి. అదీ మామూలు నొప్పి మందులు రెండు మూడు నెలలు సరిగా వాడి చూశాకే.

ఆ డబ్బు ముందు నొప్పి మీద పెట్టండి. పిల్లుల కోసం తయారైన మెలాక్సికామ్ సిరప్ చాలా పిల్లులకు పనిచేస్తుంది. మోతాదు మిల్లీగ్రాములో కొద్ది వంతే. మనుషుల మాత్ర 7.5 మిల్లీగ్రాములది, దాన్ని ముక్కలు చేసి ఇవ్వకూడదు. మొదలుపెట్టే ముందు, వాడుతున్నప్పుడు కిడ్నీ పరీక్షలు తప్పనిసరి. తిండి మానేసినా, వాంతులైనా ఆ రోజు మందు ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి. ఫ్రూనెవెట్‌మాబ్ అని నెలకోసారి చర్మం కింద వేసే ఇంజెక్షన్ ఉంది. పిల్లుల కీళ్ల నొప్పికి అమెరికాలో 2022 జనవరిలో అనుమతి వచ్చింది. మిన్నుకు సరిపడుతుందేమో మీ డాక్టరును అడగండి. బాగా ముదిరిన పిల్లులకు తక్కువ మోతాదు రేడియేషన్, మడమ కీలును కదలకుండా బిగించే ఆపరేషన్ ఉన్నాయి. మిన్నుకు ఇప్పుడే ఆ ఆలోచన వద్దు.

ఇంట్లో చేయాల్సినవి మందులతో సమానం. టైల్స్ మీద జారుతూ నడవడం ఈ కీళ్లకు నరకం. అది తిరిగే దారిలో గోనెపట్టాలు, పాత కార్పెట్ ముక్కలు పరచండి. సోఫా పక్కన ఒక పీట, దాని పక్కన ఇంకా పొట్టి పీట వేయండి. లిట్టర్ ట్రేకి ఒక వైపు అంచు కోసి తగ్గించండి. తోక పట్టుకోవద్దు, ఎత్తుకునేటప్పుడు ఛాతీ కింద ఒక చెయ్యి, వెనక కాళ్ల కింద ఒక చెయ్యి ఉండాలి. ఇలాంటి పిల్లులు గోళ్లు సరిగా గీరుకోలేవు. అవి వంకర తిరిగి పాదంలోకే గుచ్చుకుంటాయి, రెండు వారాలకోసారి కత్తిరించండి. బరువు అస్సలు పెరగనివ్వొద్దు. మందు మొదలుపెట్టే ముందు అది నడిచేది, పీట ఎక్కేది ఫోన్‌లో వీడియో తీసి, మూడు వారాల తర్వాత మళ్లీ తీయండి. మందు పనిచేస్తోందో లేదో డాక్టరుకు మీ మాట కంటే ఆ రెండు వీడియోలే బాగా చెబుతాయి.

మీ అమ్మాయి కోరిక నాకు అర్థమవుతుంది. అయినా వద్దనే చెబుతాను. నిటారు చెవుల మగపిల్లితో కలిపినా ప్రతి పిల్లకూ ఈ జబ్బు వచ్చే అవకాశం సగానికి సగం. మరో మడత చెవుల పిల్లితో కలిపితే రెండు వైపుల నుంచీ లోపం అందుకున్న పిల్లలు కొన్ని నెలల్లోనే నడవలేని స్థితికి రావచ్చు. పాపను కూర్చోబెట్టి మిన్ను ఎక్స్‌రే చూపించండి, దానికి పుట్టే పిల్లలకు కూడా ఇలాగే నొప్పి రావచ్చని చెప్పండి. గుండె స్కానింగ్ బాగుంటే పిల్లలు పుట్టని ఆపరేషన్ త్వరగా చేయించండి. ఆ మత్తులోనే ఇప్పటిదాకా తీయని కాళ్లకు, తోకకు కూడా ఎక్స్‌రే తీయమనండి. మళ్లీ ఇంకోసారి మత్తు ఇవ్వాల్సిన పని తప్పుతుంది.