గ్రాఫును చెవితో చదవవచ్చా?

ప్రశ్న: మా తమ్ముడు బి.ఎస్సీ. గణితం చదువుతున్నాడు. రెండేళ్ల క్రితం వాడికి చూపు పోయింది. కంప్యూటరులోని పాఠాన్ని స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తోంది గాని, గ్రాఫు రాగానే "చిత్రం" అని మాత్రమే చెప్పి ముందుకు వెళ్లిపోతోంది. గ్రాఫులను ధ్వనిగా మార్చే పరిశోధన జరుగుతోందని విన్నాను. అది నిజంగా చదువుకు పనికివస్తుందా?
- ఒక పాఠకురాలు, ఒంగోలు

జవాబు: తప్పకుండా పనికివస్తుంది. సోనిఫికేషన్ అనే ఈ పద్ధతిలో సాధారణంగా విలువ పెరిగితే శ్రుతి పెరిగేలా, తగ్గితే దిగేలా అమరుస్తారు. పోర్టోరికోకు చెందిన ఖగోళ శాస్త్రవేత్త వాండా డియాజ్ మెర్సెడ్ గురించి మీ తమ్ముడికి తప్పక చెప్పండి. మధుమేహం వల్ల యవ్వనంలోనే చూపు కోల్పోయిన ఆమె, నాసా గొడ్డార్డ్ కేంద్రంలో అంతరిక్ష దత్తాంశాన్ని ధ్వనిగా మార్చే ఎక్స్‌సోనిఫై ప్రోగ్రాము రూపకల్పనలో పాలుపంచుకుని, 2013లో గ్లాస్గో విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందారు. కంప్యూటరుకూ మనిషికీ మధ్య సమాచారం ఏ రూపంలో నడవాలన్నదే ఆ పరిశోధన సారాంశం. చూపున్న ఖగోళ భౌతిక శాస్త్రవేత్తలు సైతం, దత్తాంశంలోని అర్థంలేని హెచ్చుతగ్గుల మధ్య దాగిన సంకేతాన్ని కేవలం కంటితో వెతికినప్పటి కంటే ధ్వనిని కూడా తోడు చేసుకున్నప్పుడు మెరుగ్గా పట్టుకున్నారని ఆమె ప్రయోగాల్లో తేలింది. అందుచేత ఈ పద్ధతిని అంధులకిచ్చే రాయితీగా చూడడం సరికాదని నా దృఢాభిప్రాయం.

ఆపరేషన్ థియేటరులో ఇది ఏనాటి నుంచో ఉంది. రక్తంలో ఆక్సిజన్ శాతం పడిపోతుంటే పల్స్ ఆక్సీమీటరు బీప్ శ్రుతి కూడా దిగుతుంది కనుక, రోగి మీదే చూపు నిలిపిన మత్తు వైద్యులు తెర వైపు తిరగకుండానే ప్రమాదాన్ని గ్రహిస్తారు. కాలంలో వచ్చే మార్పుల విషయంలో చెవి చాలా చురుకైనది. కొద్ది మిల్లీసెకన్ల విరామాన్ని కూడా అది గుర్తిస్తుంది.

పరిమితులూ ఉన్నాయి. వక్రం ఎక్కడ లేచింది, ఎక్కడ వంగింది అన్నది చెవికి తేలికగా అందుతుంది గాని, ఒక బిందువు వద్ద కచ్చితమైన విలువ ఎంతో అందదు. దానికి అంకెను చదివించుకోవలసిందే. నాలుగైదు వక్రాలను ఒకేసారి వినిపిస్తే అంతా కలగాపులగమవుతుంది.

మీ తమ్ముడు ఉచితంగా దొరికే డెస్మోస్ గ్రాఫింగ్ కాలిక్యులేటరుతో మొదలుపెట్టవచ్చు. అందులోని ఆడియో ట్రేస్ సదుపాయం వక్రాన్ని ఎడమ నుంచి కుడికి వినిపిస్తుంది. విలువ రుణాత్మకమైనప్పుడు స్వరానికి సన్నని రొద తోడవుతుంది. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ముందుగా సరళరేఖ, ఆపైన పరావలయం, తర్వాత సైన్ వక్రం వినమనండి. చూపున్నప్పుడు ఈ ఆకారాలను గీసిన జ్ఞాపకం అతనికి ఉంటుంది కనుక, విన్నదానిని దానితో పోల్చుకోగలడు.

మరొక మాట. ఇలాంటి సాధనాలకు కావలసినవి బొమ్మ వెనుక ఉన్న సమీకరణం లేదా అంకెలు. కాబట్టి నోట్సులో గ్రాఫు ఇచ్చిన ప్రతిచోటా ఆ సమీకరణాన్నో, ఎక్సెల్ పట్టికనో జతచేయవలసిందిగా అధ్యాపకులను ఇప్పుడే అడగండి.