ప్రేక్షకుడికి తెలుసు, వెరోనికాకు తెలియదు

ప్రశ్న: 'ది క్రేన్స్ ఆర్ ఫ్లైయింగ్' అనే రష్యన్ సినిమా సబ్‌టైటిల్స్‌తో చూశాను. దానికి మూలం నాటకమంటే నమ్మబుద్ధి కాలేదు. ఎలా మార్చారండీ?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నాటకమేనమ్మా. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1943లో విక్టర్ రోజోవ్ రాశారు. ఆయన 1941లో వాలంటీరుగా ఫ్రంటుకు వెళ్లి, తీవ్రంగా గాయపడి వచ్చినవారు. మాస్కోలో సొవ్రెమెన్నిక్ థియేటర్ 1956లో ఆ నాటకంతోనే మొదలైంది. మరుసటి ఏడాది దర్శకుడు కలతోజోవ్ సినిమా తీశారు. స్క్రిప్టు కూడా రోజోవే రాశారు. 1958లో కాన్ చలనచిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి పామ్ ద'ఓర్ వచ్చింది.

నాటకాల్లో పెరిగినవాణ్ని కాబట్టి నాకు అన్నిటికన్నా పెద్దదిగా కనిపించే మార్పు ఒకటుంది. నాటకంలో యుద్ధానికి వెళ్లిన బోరిస్ చావు స్టేజీ మీద జరగదు, మాటల్లోనే వింటాం. సినిమాలో మాత్రం కళ్లారా చూస్తాం. గాయపడినవాణ్ని మోసుకొస్తూ బురదలో తూటా తగిలి, బిర్చ్ చెట్టును పట్టుకుని పైకి చూస్తాడు. కొమ్మలు గిర్రున తిరుగుతాయి. అందులోంచే జరగని పెళ్లి కనిపిస్తుంది. ఆ క్షణం నుంచి మనకు తెలిసింది అతని ప్రేయసి వెరోనికాకు తెలియదు. ఉత్తరం కోసం ఆమె చూసే ఎదురుచూపు మనకు కత్తికోతలా ఉంటుంది. స్టేజీ మీద నాటకం ఈ బాధను ఈ రీతిలో పెట్టలేదని నా గట్టి నమ్మకం.

ఇక వీడ్కోలు సీను. వెరోనికా బస్సులోంచి దిగి, జనాన్ని తోసుకుంటూ, ట్యాంకులకు అడ్డంగా పరుగెత్తుతుంది. కెమెరామన్ ఉరుసెవ్‌స్కీ కెమెరా చేత్తో పట్టుకుని ఆమెతోపాటే బస్సు దిగి, కట్ లేకుండా వెంటపడి, చివరికి క్రేన్ మీద పైకి లేస్తారు. అసెంబ్లీ పాయింటు దగ్గర ఆమె విసిరిన బిస్కెట్ల పొట్లం బోరిస్‌కు అందదు. కవాతు కాళ్ల కింద నలిగిపోతుంది. డైలాగు రాసి బతికే మనిషి, ఇక్కడ డైలాగు అక్కర్లేదని ఒప్పుకున్నారు చూడండి, అందుకే రోజోవ్ అంటే నాకంత గౌరవం.

తర్వాత బోరిస్ కజిన్ మార్క్‌ను వెరోనికా పెళ్లి చేసుకోవడం మీదే చాలామంది ఆమెను తప్పుపడతారు. సినిమా మాత్రం ఆమెకు శిక్ష వేయదు. వెరోనికాగా నటించిన సమొయ్‌లోవా ముఖాన్ని దగ్గరగా పెట్టి, మిగతాది మనకే వదిలేస్తుంది.

మళ్లీ చూస్తే సబ్‌టైటిల్స్ ఆపేసి ఆ వీడ్కోలు సీను ఒక్కటీ చూడండి. మీకు అర్థం కానిదేమీ ఉండదు.