అమ్మతో కాశీకి ఎప్పుడు?

ప్రశ్న: మా అమ్మకు 70 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. శ్రావణంలో కాశీ తీసుకెళ్లమంటోంది. మూడు రోజులు సరిపోతాయా?
– ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: మూడు రోజులు చాలమ్మా, శ్రావణం మాత్రం వద్దు. గంగ పొంగితే ఘాట్ల మెట్లు మునిగిపోతాయి, పడవలు ఆపేస్తారు. పైగా విశ్వనాథుడి గుడిలో సోమవారాల రద్దీ. (ఉత్తరాదివారి శ్రావణం మనకన్నా పక్షం రోజుల ముందే మొదలవుతుంది, క్యాలెండరు చూసుకోండి.) కార్తిక పౌర్ణమి దాటిన వారానికి బయలుదేరండి. ఆనాటి దేవ దీపావళి అందమైనదే కానీ ఆ జనంలో అమ్మగారిని నిలబెట్టలేరు.

మా అత్తగారితో వెళ్లినప్పుడు కేదార్ ఘాట్‌లో మెట్లు దింపేశాను, ఎక్కడం సంగతి ఆలోచించలేదు. సగంలో కూర్చుండిపోయి, "ఇక నాకు ముక్తి ఇక్కడే" అన్నారావిడ. మరునాడు తెల్లవారుజామున అస్సీ ఘాట్‌లో పడవెక్కించాను. అక్కడ గంగ ఉత్తరానికి పారుతుంది, ఊరంతా పడమటి ఒడ్డున ఉంటుంది. అందుకే ఎదురొడ్డున సూర్యుడు పొడవగానే ఎనభైకి పైగా ఘాట్లలో ఒక్కొక్కటే వెలుగులోకి వస్తుంది. ఆవిడ మరచెంబుతో నీళ్లు ముంచి అక్కడే నెత్తిన చల్లుకున్నారు. దశాశ్వమేధ ఘాట్ హారతీ పడవలోంచే చూడండి. బేరం మాత్రం ఎక్కకముందే.

సారనాథ్ సుమారు 10 కిలోమీటర్లు, ఆటోలో వెళ్లిరావచ్చు. చలి మొదలయ్యాక పొద్దున్నే మట్టి ముంతల్లో పాలనురగ అమ్ముతారు, మలయ్యో అంటారు. ఎండెక్కితే కరిగిపోతుంది. అత్తగారు రెండు ముంతలు తిన్నారు, మెట్ల విషయంలో నన్నింకా క్షమించలేదు.